తాంబూలం ముందు పెట్టకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అమెరికా నల్లజాతి కార్మిక నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ జీవితకథ అందింది. రెండుసార్లు చదివాను. తేదీలు సరిగ్గానే ఉన్నాయి, భాషా బాగుంది. కానీ మొదటి పేజీలోనే 1963 ఆగస్టు 28, వాషింగ్టన్, నల్లజాతి హక్కుల సభ, రెండున్నర లక్షల జనం, వేదిక మీద డెబ్బయి నాలుగేళ్ల రాండాల్ఫ్! విస్తరి వేయకుండానే తాంబూలం చేతిలో పెట్టేశావు. ఇక భోజనానికి ఎవరు కూర్చుంటారు?

ముందు పోర్టర్ అనే మాట సంగతి చూడు. ఆ మాట వింటే మన పాఠకుడికి స్టేషన్లో పెట్టెలు మోసే ఎర్రచొక్కా మనిషి గుర్తొస్తాడు. పుల్‌మన్ పోర్టర్ వేరు. అమెరికా రైళ్లలో పుల్‌మన్ కంపెనీ పడక బోగీలు నడిపేది. వాటిలో పక్కలు పరిచి, గంట మోగితే పరుగెత్తి, అందరూ నిద్రపోయాక వాళ్ల బూట్లకు పాలిష్ పెట్టే నల్లజాతి ఉద్యోగి ఈ పోర్టర్. మన ఏసీ బోగీలో దుప్పట్లు తెచ్చిచ్చే కుర్రవాడితో మొదలుపెట్టి పోల్చి చెప్పు, పాఠకుడు వెంటనే అందుకుంటాడు.

ఆ బూట్ల దగ్గరే కాసేపు కూర్చోవలసింది. పాలిష్ డబ్బా కొన్నది పోర్టరే, తన జీతంలోంచే. తిండి ఖర్చూ అతనిదే. నెలకు నాలుగు వందల గంటల పని. బండి బయలుదేరకముందు బోగీ సిద్ధం చేసిన వేళ ఆ లెక్కలోకే రాదు. జీతం చాలదు కాబట్టి ప్రయాణికుడు ఇచ్చే చిల్లర కోసం నవ్వుతూ ఉండాలి. ఆ ప్రయాణికుడు అతన్ని 'జార్జ్' అని పిలుస్తాడు, కంపెనీ స్థాపించిన జార్జ్ పుల్‌మన్ పేరుతో. దొర పేరే బానిసకు అంటగట్టిన పాత కాలపు వాసన అది. ఇంట్లో అమ్మానాన్నలు పెట్టిన పేరు బోగీ ఎక్కగానే పోయేది. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే రెండు పేజీలు రాస్తాను.

ఇక రాండాల్ఫ్. దర్జీపని చేస్తూ చర్చిలో బోధించే తండ్రి, ఫ్లోరిడా బాల్యం, 1911లో న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్‌కు రావడం, నాటకాల మోజు: ఇవన్నీ క్లుప్తంగా ముగించు. 1917లో చాండ్లర్ ఓవెన్‌తో కలిసి 'మెసెంజర్' పత్రిక పెట్టాడు. మరుసటేడు క్లీవ్‌లాండ్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడి అరెస్టయ్యాడు. పత్రికలోని రాతలు ఈ ఇద్దరు నల్ల కుర్రాళ్లవే అంటే న్యాయమూర్తికి నమ్మకం కలగలేదట, వెనక ఎవరో తెల్ల సోషలిస్టులు ఉండి రాయించారనుకున్నాడు. రాసేవాడికి అంతకు మించిన అవమానం లేదు, మెప్పూ లేదు. ఇది నీ వ్యాసంలో కనబడనే లేదు, ఎందుకు వదిలావు?

1925 ఆగస్టు 25న హార్లెమ్‌లోని ఎల్క్స్ హాలులో పోర్టర్ల సంఘం పుట్టింది. రాండాల్ఫ్ ఏనాడూ పోర్టర్ కాదు. అందుకే వాళ్లు ఆయన్ను ఏరికోరి తెచ్చుకున్నారు. కంపెనీకి ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసే వీలు లేదు మరి. (ఆ రోజుల్లోనే ఇక్కడ వి.వి.గిరి గారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులతో సంఘం నడుపుతున్నారు. తెలుగు పాఠకుడికి ఒక్క ముక్క చెప్పు, అంతకు మించి లాగకు.)

అసలు కథ ఆ తర్వాత పన్నెండేళ్లది. నువ్వు 'సుదీర్ఘ పోరాటం తరువాత' అని తేల్చేశావు. 1928లో సమ్మెకు అందరూ సిద్ధమయ్యాక ఆఖరి ఘడియలో ఆయన వాయిదా వేశాడు. బదులు మనుషులను కంపెనీ అప్పటికే సిద్ధం చేసి ఉంచింది. సభ్యులు వేలల్లోంచి వందలకు పడిపోయారు. పత్రిక మూతపడింది. ఆ ఏడు ఆయన్ను పిరికివాడన్నవాళ్లున్నారు. వాళ్ల మాటా రాయి. నాయకుడికి మచ్చ వస్తుందని భయపడకు. 1934లో చట్టం మారి పడక బోగీల కంపెనీలు రైల్వే కార్మిక చట్టం కిందికి వచ్చాయి. పోర్టర్ల తరఫున మాట్లాడేది ఎవరో తేల్చడానికి మరుసటేడు జరిగిన ఎన్నికలో సంఘం గెలిచింది. కంపెనీతో ఒప్పందం మీద సంతకాలు పడిన తేదీ చూడు: 1937 ఆగస్టు 25. పుట్టిన రోజునే. నాలుగు వందల గంటలు రెండు వందల నలభై అయ్యాయి.

ఇంతకీ ఆయన ఇల్లు ఎలా గడిచింది? భార్య లూసిల్ నడిపిన కేశాలంకరణ దుకాణం మీద. పత్రికకూ ఆ డబ్బే. మొగుడి రాజకీయాల వల్ల ఆమె ఖాతాదారులు తగ్గారు కూడా. నీ వ్యాసంలో ఆమెకు పెళ్లి వాక్యం ఒక్కటే దక్కింది. నేనూ ఈ తప్పు చేశాను. ముప్పై ఏళ్ల కిందట ఒక హమాలీల నాయకుడి మీద సభలూ నినాదాలతో నిండిన వ్యాసం రాసి, చదివి వినిపించడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య చివరిదాకా విని, 'ఇంత రాశారు, మా బియ్యం డబ్బా సంగతి లేదేం?' అంది. ఆ వ్యాసం నేను అచ్చుకు ఇవ్వలేదు.

లూసిల్ 1963 ఏప్రిల్‌లో చనిపోయింది. వాషింగ్టన్ సభకు నాలుగు నెలల ముందు. నీ మొదటి పేజీ ఆమె తర్వాత రావాలి.

1941 ఘట్టం బాగా రాశావు. లక్ష మందితో రాజధానికి వస్తానని చెప్పి, ఒక్కరూ కదలకముందే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేత 8802 ఉత్తర్వు మీద సంతకం పెట్టించడం, రక్షణ పరిశ్రమల్లో వివక్షను నిషేధించడం. అక్కడ ఒక్క అక్షరం మార్చకు. 'మహోన్నత' అనే విశేషణం మాత్రం కొట్టెయ్.

పదో తారీకు దాకా ఊళ్లోనే ఉంటాను. మొదటి నాలుగు పేజీలు తిరగరాసి పంపు. కొట్టివేతలు దాచకుండా చేతిరాతలోనే పంపు, అవి కూడా చూడాలి నేను.

ఆశీస్సులతో,
బాబాయి