బలం దేని మీద? శక్తి దేనిలో?

సందేహం: మాది ఆదోని. సాయంత్రంపూట తొమ్మిదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతుంటాను. సైన్సు పుస్తకంలో బలం వేరు, శక్తి వేరు, సామర్థ్యం వేరు అని ఉంది. నిఘంటువు తీస్తే బలమంటే శక్తి, శక్తి అంటే బలం, సామర్థ్యమన్నా దాదాపు అదే. పిల్లలు ఒకదానికి బదులు ఇంకొకటి రాసేస్తున్నారు. మార్కెట్ యార్డులో మూట నెత్తిన పెట్టుకుని నిలబడ్డ హమాలీ ‘పని’ చేయనట్లేనని చెబితే ఒక పిల్లవాడికి కోపమొచ్చింది. వాళ్ల నాన్న హమాలీ. అసలు ఈ మాటలు సరిగ్గా పెట్టినవేనా? వడి, వేగం సంగతి కూడా కాస్త చెప్పండి. – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, నిఘంటువు చెప్పిందీ నిజమే, సైన్సు పుస్తకం చెప్పిందీ నిజమే. వాడుకలో ఈ మూడు మాటలకూ మధ్య గోడ లేదు. బలపరాక్రమాలనీ శక్తిసామర్థ్యాలనీ జంటలు కట్టి వాడుతున్నాం. చతురంగ బలాలు అన్నప్పుడు బలమంటే ఏకంగా సైన్యం. భౌతికశాస్త్రం ఈ మాటలనే తీసుకుని ఒక్కోదానికి ఒక్కో కొలత కట్టింది: బలానికి న్యూటన్, శక్తికి జౌల్, సామర్థ్యానికి వాట్. కొలత వేరైన చోట అర్థం కూడా వేరు కాక తప్పదు.

ఈ తడబాటు తెలుగు పిల్లలకే వచ్చిందనుకోకండి. శక్తి పుట్టదు, నశించదు, రూపం మారుతుందనే నియమం గురించి జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త 1847లో రాసినప్పుడు దాని పేరులో పెట్టిన మాట ‘క్రాఫ్ట్’. జర్మన్ సైన్సులో ఈనాడు ఆ మాటకు అర్థం బలం! అంతకుముందు లైబ్నిట్జ్ అనే తత్వవేత్త కదిలే వస్తువుకుండే శక్తి లాంటి దాన్ని ‘జీవబలం’ అన్నాడు. అంతటివాళ్ల దగ్గరే విడిపోని మాటలు తొమ్మిదో తరగతిలో ఒక్కరోజులో విడిపోవాలంటే ఎట్లా?

అయితే ఒక దారి ఉంది, అది మన వ్యాకరణంలోనే ఉంది. విభక్తిని పట్టుకోండి. సైన్సులో బలానికి ‘మీద’ కావాలి, శక్తికి ‘లో’ గానీ ‘కి’ గానీ కావాలి. తలుపు మీద బలం ప్రయోగిస్తాం. నేల బంతి మీద ఘర్షణ బలం చూపిస్తుంది. బలమన్నాక ఇద్దరుండాలి, ఒకటి ప్రయోగించేది, ఇంకొకటి ఆ బలానికి లోనయ్యేది. శక్తి అట్లా కాదు. అది సాగదీసిన రబ్బరులో ఉంటుంది, ఎత్తున నిలిచిన నీళ్లలో ఉంటుంది, దొర్లే బంతికి ఉంటుంది. ‘బంతిలో బలం ఉంది కాబట్టి పోతోంది’ అని పిల్లలు రాస్తారు చూడండి, ఆ ‘లో’ దగ్గరే భాష, సైన్సు రెండూ తప్పాయి. బంతికి ఉన్నది గతిజశక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి. బంతి సాగిపోవడానికి లోపల ఏ బలమూ అక్కర్లేదు. అది ఆగాలంటేనే బయటినుంచి బలం కావాలి.

మన సీమలో ‘సత్తువ’ అనే మాట ఉంది. ‘ఒంట్లో సత్తువ లేదు’, ‘ఈ నేలలో సత్తువ తగ్గింది’ అంటాం. ‘ఒంటి మీద సత్తువ’ అని ఎవరూ అనరు. సంగటి తింటే ఒంట్లోకి వచ్చేది, కష్టం చేస్తే తరిగేది సత్తువ. సైన్సు చెప్పే శక్తికి ఇంత దగ్గరి మాట ఇంకొకటి నాకు తట్టలేదు. పాఠం అక్కడ మొదలుపెట్టి చూడండి.

ఇక హమాలీ. ఆ పిల్లవాడి కోపం న్యాయమైనది. తప్పు వాక్యంలో కర్త దగ్గర ఉంది. సైన్సులో పని చేసేది మనిషి కాదు, బలం. ‘హమాలీ పని చేయలేదు’ అనకూడదు, ‘హమాలీ ప్రయోగించిన బలం మూట మీద పని చేయలేదు’ అనాలి. లెక్కతో చూద్దాం. 40 కిలోల వేరుశనగ మూటను మీటరున్నర ఎత్తున్న లారీలోకి ఎత్తాడు. మూట మీద పైకి 392 న్యూటన్ల (40 × 9.8) బలం, మూట కదిలింది 1.5 మీటర్లు, బలాన్ని దూరంతో గుణిస్తే జరిగిన పని 588 జౌళ్లు. అదే మూటతో లారీ కోసం నిలబడి ఉంటే బలం అంతే ఉంటుంది, మూట కదలదు, దాని మీద జరిగిన పని సున్నా. మరి ఆయనకు చెమటెందుకు పడుతోంది? మూటను నిలిపి ఉంచాలంటే కండరాల్లోని సన్నని పోగులు పట్టు వదులుతూ మళ్లీ పట్టుకుంటూ ఉండాలి. దానికి తిండి నుంచి వచ్చిన శక్తి ఖర్చవుతుంది, వేడిగా మారుతుంది. మీ నాన్న శక్తి నిజంగానే ఖర్చయిందని ఆ పిల్లవాడికి చెప్పండి, ఈ పాఠంలో అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది అదే.

మూడింటిలో నాకు అసంతృప్తి ఉన్నది సామర్థ్యం మీదే. ఆ మాట మీద భారం ఎక్కువ పడింది. శ్రీశైలం వార్త చదవండి. జలాశయం నిల్వ సామర్థ్యం సుమారు 215 టీఎంసీలు అంటారు, ఆ వెంటనే కుడిగట్టు విద్యుత్ కేంద్రం సామర్థ్యం 770 మెగావాట్లు అంటారు. మొదటిది ఎంత పడుతుందనే లెక్క. సైన్సు చెప్పే సామర్థ్యం రెండోది, అంటే పని ఎంత త్వరగా జరుగుతుందనే లెక్క. ఇవి చాలక ‘ఇంధన సామర్థ్యం’ ఒకటి, నిజానికి అక్కడ దక్షత (ఖర్చుపెట్టిన దాంట్లో ఎంత పనికొచ్చిందనే లెక్క) అనాలి. పైగా బోరు మోటారు దగ్గర ‘అయిదు అశ్వశక్తి’ అని రాస్తాం. అదీ సామర్థ్యమే, ఒక్కో హెచ్.పి. 746 వాట్లు. హిందీ పుస్తకాల్లోనైతే శక్తి అంటేనే మన సామర్థ్యం, మన శక్తికి వాళ్ల మాట ఊర్జా. పక్కనున్న కన్నడంవాళ్లు మాత్రం మనలాగే శక్తి, సామర్థ్య అంటారు. హిందీ మీడియం వీడియోలు చూసే పిల్లలుంటే ఈ సంగతి ముందే చెప్పండి.

సామర్థ్యాన్ని గుర్తుపట్టాలంటే కాలం కోసం వెతకాలి. ఆ 588 జౌళ్ల మూటను 2 సెకన్లలో ఎత్తితే 294 వాట్లు, 4 సెకన్లలో ఎత్తితే 147 వాట్లు. పని అదే, సామర్థ్యం సగమైంది. కరెంటు బిల్లులో యూనిట్ మాత్రం వాట్ల లెక్క కాదు. అది కిలోవాట్ గంట, అంటే 36 లక్షల జౌళ్లు. మనం డబ్బు కడుతున్నది శక్తికే.

వడి, వేగం సంగతి చిన్నది. వడి తెలుగు మాట, వేగం సంస్కృతం నుంచి వచ్చింది, వాడుకలో తేడా లేదు. సైన్సు పుస్తకం దిక్కుతో పనిలేని చోట వడి అనీ, దిక్కు కూడా లెక్కలోకొస్తే వేగం అనీ పంచింది. కర్నూలులో బయల్దేరిన బస్సు అనంతపురం పోయి మళ్లీ అదే బస్టాండుకు వచ్చిందంటే, మొత్తం ప్రయాణానికి దాని సగటు వేగం సున్నా, సగటు వడి సున్నా కాదు. పేపర్లో ‘గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చిన లారీ’ అని రాస్తే దిద్దక్కర్లేదు, అది వాడుక. పరీక్ష పేపర్లో దిక్కు చెప్పకుండా అట్లా రాస్తే మాత్రం దిద్దండి.