గెట్‌అడ్రిన్ఫో ఇచ్చిన మెమరీ ఎవరిది?

ప్రశ్న: సీ భాషలో చిన్న క్లయింట్ రాస్తున్నాను. సర్వర్ పేరునుంచి చిరునామా తెచ్చే గెట్‌హోస్ట్‌బైనేమ్ ఇచ్చిన పాయింటర్‌ను ఫ్రీ చేస్తే ప్రోగ్రామ్ కూలిపోయింది. అదే పనికి గెట్‌అడ్రిన్ఫోకు మారి, చివర్లో దాని మెమరీని వదిలే ఫ్రీఅడ్రిన్ఫో పిలుస్తున్నా, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ లీక్ (వదలని మెమరీ) చూపిస్తోంది. ఎందుకు?

జవాబు: గెట్‌హోస్ట్‌బైనేమ్ ఇచ్చేది లైబ్రరీ సొంత స్టాటిక్ జాగా. మీరు మాలాక్‌తో కేటాయించుకున్నది కాదు కాబట్టి ఫ్రీ చేయకూడదు. తర్వాతి పిలుపు దాన్ని చెరిపేస్తుంది, కావలసింది వెంటనే కాపీ చేసుకోండి. చిరునామాను అక్షరాలుగా మార్చే ఐనెట్_ఎన్‌టోఏ కూడా ఇంతే: ఒకే ప్రింట్‌ఎఫ్‌లో రెండుసార్లు పిలిస్తే రెండుచోట్లా ఒకే చిరునామా పడుతుంది. బదులుగా ఐనెట్_ఎన్‌టాప్ వాడండి. దానికి బఫర్ మీరే ఇస్తారు, ఐపీవీ6కు 46 బైట్లు చాలు.

ఇక మీ లీక్. గెట్‌అడ్రిన్ఫో ఇచ్చేది చిరునామాల లింక్డ్ లిస్టు, ఒక్కో నోడ్ తర్వాతి నోడ్‌ను చూపిస్తుంది. బహుశా ఫలితం పాయింటర్‌నే లూప్‌లో ముందుకు జరుపుతున్నారు. కనెక్ట్ కుదిరి మధ్యలో బ్రేక్ అయితే, ఫ్రీఅడ్రిన్ఫోకు అందేది అక్కడినుంచి మిగిలిన తోకే. ముందున్న నోడ్లు అలాగే ఉండిపోతాయి. మొదటి పాయింటర్‌ను కదపకండి, తిరగడానికి వేరే పాయింటర్ పెట్టుకోండి.

నోడ్‌లో చిరునామాను చూపే ఏఐ_అడ్డర్‌ను విడిగా ఫ్రీ చేయడం ఇంకా ప్రమాదం. లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో అది నోడ్‌తో కలిసి ఒకే మాలాక్‌లో ఉంటుంది. హోస్ట్ అసలు పేరు ఉండే ఏఐ_కానన్‌నేమ్ కూడా జాబితాతోపాటే పోతుంది, తర్వాత కావాలంటే ముందే స్ట్రడప్‌తో కాపీ చేసి, ఆ కాపీని మీరే ఫ్రీ చేయాలి.

గెట్‌అడ్రిన్ఫో సున్నా కాక మరేదైనా తిరిగిస్తే ఫ్రీఅడ్రిన్ఫో పిలవనే వద్దు. అప్పుడు ఆ పాయింటర్‌లో ఏముందో ప్రమాణం హామీ ఇవ్వదు. తప్పు ఏమిటో చెప్పే గాయ్_స్ట్రెర్రర్ ఇచ్చే సందేశాన్నీ ఫ్రీ చేయకండి.