ఓడ ఎక్కాలా, ఒడ్డు నుంచి చూడాలా?

చిరంజీవి కిరణ్‌కి, పెద్దనాన్న ఆశీస్సులు.

లండన్‌లో ఉండేది నాలుగు రోజులే, అందులో సగం రోజు హెచ్‌ఎంఎస్ బెల్‌ఫాస్ట్‌కి, అదే థేమ్స్ నదిలో మ్యూజియంగా నిలిపి ఉంచిన పాత బ్రిటిష్ యుద్ధనౌకకి, పెట్టాలా వద్దా అని అడిగావు. ముందు ఒక్కటి తేల్చుకో. ఓడ కంటికి కనిపిస్తే చాలా, లోపల తిరగాలని ఉందా? కనిపిస్తే చాలనుకుంటే టికెట్ కొననక్కర్లేదు. టవర్ బ్రిడ్జి దగ్గర థేమ్స్ ఒడ్డున నిలబడితే ఫిరంగులతో సహా ఓడంతా ఎదురుగానే ఉంటుంది. ఫొటోలు కూడా అక్కడి నుంచే బాగా వస్తాయి.

లోపలికి వెళ్తే మాత్రం గంటలో ముగించాలని చూడకు. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. ఫిరంగుల దగ్గరే టైమంతా అయిపోయి, కిందికి దిగకుండానే వచ్చేశాను. ఆ ఓడలో అసలు చూడాల్సింది కిందే ఉంది. మొత్తం తొమ్మిది డెక్‌లు, అంటే అంతస్తులు. రొట్టెలు కాల్చిన గది, బట్టలుతికిన చోటు, పళ్ళ డాక్టరు గది, తప్పు చేసినవాళ్ళను బంధించిన కొట్లు, నావికులు గుడ్డ ఉయ్యాలలు కట్టుకుని పక్కపక్కనే పడుకున్న చోట్లు. బాయిలర్ గదిలోకి దిగితే బయటి నీటిమట్టం మన తలపైన ఉంటుంది. రెండోసారి అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. ఓడకి దెబ్బ తగిలితే ఈ నిచ్చెనలు ఎక్కే కదా పైకి రావాలి అనిపించి గుండె బరువెక్కింది.

వెళ్ళేముందు దాని కథ కొంచెం చదువుకో. 1938లో నీళ్ళలోకి దింపారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 డిసెంబర్ 26న నార్వేకి ఉత్తరాన, ఆర్కిటిక్ చలికాలపు చీకట్లో, జర్మన్ యుద్ధనౌక షార్న్‌హార్స్ట్‌ని వెంటాడి ముంచిన ఓడల్లో ఇదీ ఉంది. మునిగిన నౌకలో 1,900 మందికి పైగా ఉంటే బతికింది 36 మందే. ఆ మరుసటి ఏడాది జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సైన్యం దిగేటప్పుడు ఇదే ఓడ ఫిరంగులు పేల్చింది. ఇవి తెలిసి వెళ్తే ఇనుప గదులు ఇనుప గదుల్లా కనిపించవు.

మీ అమ్మ సంగతే నాకు టెన్షన్. ఆ నిచ్చెనలు బాగా నిటారు, నిచ్చెన వైపు ముఖం పెట్టి రెండు చేతులతో పట్టుకుని దిగాలి. ఆవిడ మోకాళ్ళకి అది కుదరదు, బలవంతపెట్టకు. పై డెక్ చూసి, నువ్వు వచ్చేదాకా కూర్చోమను. చేతిలో సంచీ పెట్టుకుని నువ్వూ దిగకు.

పోర్ట్స్‌మత్ ఊళ్ళో ఉన్న విక్టరీ అనే పాత యుద్ధనౌక కూడా చూడాలని ఉందన్నావు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ తూటా తగిలి పడిపోయిన చోటు ఆ ఓడ మీద గుర్తుపెట్టి ఉంటుంది. కానీ రాకపోకలతో కలిపి దానికి రోజంతా పడుతుంది. పైగా 2022లో మొదలైన పెద్ద మరమ్మతు ఏళ్ళ తరబడి సాగేది. ఈ ట్రిప్‌లో వద్దు.

నీకు ఓపిక ఉంటే బెల్‌ఫాస్ట్‌కి వెళ్ళమనే చెప్తాను. పొద్దున తెరవగానే వెళ్ళి, జనం పెరగకముందే బాయిలర్ గదులు చూసెయ్. మీ అమ్మని అడిగి, ఏమందో రాయి.

ఇట్లు,
పెద్దనాన్న