ముంబయిలో ఎక్కడ తినాలి: బిడ్డకు రాసిన ఉత్తరం

బిడ్డా సుజాతా,

సంక్రాంతి సెలవులకు మీ అమ్మను, పిల్లలను తీసుకుని ముంబయి పోతున్నామని, అక్కడ ఎక్కడ తినాలో చెప్పమని అడిగావు. మన పాలమూరు నుంచి మేస్త్రీ పనికి పోయి సగం జీవితం ఆ ఊర్లోనే గడిపినోణ్ణి, మూడు పూటలూ బయట తిన్నోణ్ణి, కాబట్టి ఈ విషయం నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. నువ్వు పంపిన లిస్టు చూశాను. పేర్లన్నీ మంచివే, కానీ ఒకటి కొలాబాలో ఉంటే ఇంకోటి అంధేరిలో ఉంది. అట్ల పేరు చూసి పోవద్దు. ఆ పూటకు మీరు ఏ వాడలో ఉంటారు, టైము ఎంత అవుతుంది, ముందు అది చూసుకో. ఆ వాడలో ఏళ్ల తరబడి ఎవరు బతుకుతున్నారో వాళ్ల తిండి, వాళ్లు తినే వేళకు తిను. ఆ ఊర్లో తిండి బాగుండడానికైనా పాడవడానికైనా చాలావరకు ఇదే కారణం.

ముంబయి మన హైదరాబాద్ లాగ నలువైపులా పరుచుకున్న ఊరు కాదు. దక్షిణాన కొలాబా నుంచి ఉత్తరానికి సన్నగా, పొడుగ్గా సాగుతుంది. తూర్పు వైపు హార్బరు, పడమర వైపు సముద్రం. పొద్దున జనమంతా లోకల్ రైళ్లలో దక్షిణానికి ఆఫీసులకు వస్తారు, సాయంత్రం ఉత్తరానికి ఇళ్లకు పోతారు. మీరు దీనికి ఎదురు పోవాలి. మాటుంగా, దాదర్ లాంటివి పొద్దున పదకొండు దాటాక పెట్టుకుని, నాలుగింటికల్లా మళ్లీ దక్షిణానికి వచ్చెయ్యండి. సాయంత్రం ఆరింటికి మీ అమ్మ చెయ్యి పట్టుకుని, పిల్లలను చంకనేసుకుని దక్షిణాన ఉన్న పెద్ద రైల్వే స్టేషన్ సీఎస్‌ఎంటీలో లోకల్ ఎక్కి దాదర్‌లో తినొద్దాం అనుకున్నావంటే ఆ రైల్లోనే ఆకలి చచ్చిపోతుంది.

మీ రైలు తెల్లవారుజామున సీఎస్‌ఎంటీలో దింపుతుంది కదా, రూముకు పోయి స్నానాలు అయ్యాక మొదటి టిఫిను ఇరానీ హోటల్‌లో చెయ్యండి. మెట్రో సినిమా దగ్గర ధోబీ తలావ్‌లో కయానీ అని ఉంది, 1904 నుంచి నడుస్తోంది. ఇరాన్ నుంచి వచ్చిన జొరాస్ట్రియన్ మతంవాళ్లు పెట్టిన హోటళ్లు ఇవి, ఒకప్పుడు సందు సందుకూ ఉండేవి, ఇప్పుడు కొన్నే మిగిలాయి. బ్రున్ మస్కా చెప్పు. బ్రున్ అంటే పైన గట్టిగా, పెళుసుగా ఉండే పావ్. వెన్న రాసి ఇస్తారు, చాయ్‌లో ముంచుకుని తినాలి. అల్లుడికి ఖీమా పావ్, పిల్లలకు మావా (కోవా) కేకు. అక్కడ తీరిగ్గా కూర్చుని ముచ్చట్లు పెట్టొద్దు, నీ వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు, తిని లేవాలి. మర్యాద లేక కాదు, ఆ హోటళ్ల పద్ధతే అంత.

గేట్‌వే ఆఫ్ ఇండియా చూడటానికి ఎలాగూ పోతారు, ఎలిఫెంటా పడవ కూడా అక్కడే ఎక్కాలి (సోమవారం గుహలు మూసి ఉంటాయి, చూసుకో). గేట్‌వే కనిపించేంత దూరంలో మాత్రం భోజనానికి కూర్చోవద్దు. అక్కడికి వచ్చేవాళ్లు ఒక్కసారే వస్తారు, మళ్లీ రారు. మళ్లీ రాని మనిషికి మంచిగ వండి పెట్టాలని ఎవరికీ పట్టదు. రోజూ వచ్చేవాళ్ల మీద బతికే హోటల్ కావాలి మనకు. పడవ ఎక్కేముందు కడుపు నింపుకోండి, పోను గంట, రాను గంట పడుతుంది. బ్యాగులో అరటిపండ్లు, నీళ్లు పెట్టుకో.

టాక్సీ డ్రైవర్ నాకు మంచి హోటల్ తెలుసు అంటే వద్దని చెప్పు. మన ఊరివాళ్లను అట్లనే ఒకతను చేపల హోటల్‌కు తీసుకుపోయాడు. మెనూలో చేప పేరుకు ఎదురుగా ధర లేదు, ‘ఏపీఎస్’ అని మూడు అక్షరాలు ఉన్నాయి. సైజును బట్టి ధర అని దాని అర్థం. వీళ్లు అడగలేదు, వాళ్లు చెప్పలేదు. బిల్లు చూసి అందరి ముఖాలు మాడిపోయాయి. మంచి హోటళ్లలో కూడా ఈ ఏపీఎస్ ఉంటుంది, దాంట్లో మోసం ఏమీ లేదు. చేప తెప్పించి చూడు, ఎంత బరువు, ఎంత అవుతుంది అని నోటితో చెప్పించుకుని అప్పుడు ఆర్డర్ ఇవ్వు. సిగ్గుపడే పని కాదు, ముంబయివాళ్లు కూడా అడుగుతారు.

ఇంకో బోర్డు సంగతి. ‘పర్మిట్ రూమ్’ అని రాసి ఉంటే అక్కడ మందు పోస్తారని అర్థం. కొన్నిచోట్ల పక్కనే, లేకపోతే మీద అంతస్తులో ఫ్యామిలీలకు వేరే గది ఉంటుంది, చేపలు కూడా బాగుంటాయి. ముందు అల్లుణ్ణి లోపలికి పంపి చూసి రమ్మను, అప్పుడు మీరు పోండి.

ఇక చేపల సంగతి. దీని గురించే ఎక్కువ రాయాలి, ఎందుకంటే సముద్రపు ఊరికి పోయి సముద్రపు చేప సరిగ్గా తినకుండా వస్తే నాకు బాధ. మనం తినేది చెరువు చేప, కృష్ణ చేప. బొచ్చె, రవ్వ, కొర్రమీను. చింతపండు పులుసు, బాగా కారం. అక్కడ కొబ్బరి, కోకం అనే పుల్లటి ఎండు కాయ వేస్తారు. మొదటి ముద్దకు ఇదేంది ఇట్లుంది అనిపిస్తుంది, రెండో పూటకు అలవాటవుతుంది. మొదటిసారి పులుసు జోలికి పోకు, ఫ్రైతో మొదలుపెట్టు. సుర్మయి అంటే మన దగ్గర వంజరం. ముక్కలో నడిమి ముల్లు ఒక్కటే ఉంటుంది, తీసేసి పిల్లలకు భయం లేకుండా పెట్టొచ్చు. పాప్లెట్ అంటే చందువ, రేటు ఎక్కువ. బొంబిల్ మాత్రం తప్పకుండా తినండి. పచ్చిది నీళ్లలాగ మెత్తగా ఉంటుంది, రవ్వ అద్ది వేయిస్తే పైన కరకర, లోపల వెన్న. అది ఆ తీరపు చేప, ఇక్కడికి వచ్చేసరికి దాంట్లో ఏమీ మిగలదు. మాందేలి చిన్న చేపలు, కరకరా నమిలేస్తారు, పిల్లలకు మాత్రం వద్దు. పక్కన సోల్‌కడి తెప్పించుకో, కోకం, కొబ్బరిపాలు కలిపిన గులాబీ రంగు నీళ్లు, తిన్నది అరుగుతుంది.

మీరు జనవరిలో పోతున్నారు కాబట్టి తాజా చేప దొరుకుతుంది. వానాకాలంలో పోయేవాళ్లకైతే నేను వేరే మాట చెప్తాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 1 నుంచి జులై 31 దాకా పడమటి తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది, అప్పుడు హోటళ్లలో దొరికేది చాలావరకు ఐసులో పెట్టిందే. హోటల్ మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి, ఈ రోజు ఏం లేదు అని. అన్నీ ఉన్నాయి సార్ అన్నాడంటే లేచి వచ్చెయ్యాలి. రావస్ చేప రాలేదు, బొంబిల్ మంచిగుంది తీసుకో అన్నాడంటే అతను పొద్దున మార్కెట్‌కు పోయినట్టే. కొలాబాలో 1875 నాటి ససూన్ డాక్ ఉంది, తెల్లవారకముందే అక్కడ చేపల వేలం జరుగుతుంది. అక్కడ కొన్న చేపే మధ్యాహ్నానికి ఆఫీసులుండే ఫోర్టు వాడలో మీ ప్లేటులోకి వస్తుంది.

ఎక్కడ తినాలంటే, ఫోర్టులో మహేశ్ లంచ్ హోమ్ మంగళూరు వంటకు పేరున్నది, కాలాఘోడా దగ్గర తృష్ణాలో పీత మంచిగుంటుంది కానీ పీతకు డబ్బు బాగా ఖర్చవుతుంది, ఇంటిల్లిపాదికీ ఒకటి చాలు. తక్కువలో కావాలంటే మాల్వణీ, గోమాంతక్ (కొంకణ, గోవా తీరపు వంట) అని రాసి ఉన్న చిన్న హోటళ్లు చూడు, ఫిష్ థాలీ పెడతారు, ఒక ఫ్రై ముక్క, పులుసు, అన్నం, రొట్టె లేక పూరీ లాంటి వడే, సోల్‌కడి. నాకైతే పెద్ద హోటల్ కంటే ఈ థాలీనే ఇష్టం. ఫోర్టులో ఒంటిగంట నుంచి రెండు దాకా ఆఫీసు జనం తొక్కుకుంటారు, పన్నెండింటికే పోండి. మూడు తర్వాత చాలామంది వంటగది మూసేస్తారు. ఆదివారం ఆఫీసులుండవు కాబట్టి ఆ వైపు సగం హోటళ్లు తెరవరు, ఆ రోజు మాటుంగాకో దాదర్‌కో పెట్టుకోండి.

ఫోర్టు పక్కనే బల్లార్డ్ ఎస్టేట్‌లో బ్రిటానియా ఉంది, 1923 నాటి పార్సీ హోటల్. మధ్యాహ్నం భోజనానికి పోవాలి. బెర్రీ పులావ్, ఇరాన్ నుంచి తెప్పించే పుల్లటి ఎర్ర పండ్లు వేసి చేస్తారు. బిర్యానీ అనుకుని తినకండి, కారం ఉండదు, ఆ పులుపు కోసమే తినాలి.

మీ అమ్మ శనివారం నీసు ముట్టదు, సుగర్ కూడా ఉంది. ఆమె కోసం శనివారం మాటుంగా ఖాయం చేసుకో. అక్కడ దక్షిణాదివాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. స్టేషన్ పక్కనే రామా నాయక్ ఉడిపి బోర్డింగ్, 1942లో పెట్టింది, అరిటాకులో భోజనం పెడతారు. కింగ్స్ సర్కిల్ దగ్గర కెఫే మద్రాస్‌లో టిఫిన్లు. పోయేముందు వారంలో సెలవు ఏ రోజో ఫోన్ చేసి కనుక్కో. ముంబయి ఉడిపి హోటళ్లలో ‘రైస్ ప్లేట్’ అంటారు, అది లిమిటెడ్ భోజనం, అన్నం మళ్లీ అడిగితే డబ్బులు వేస్తారు. మీ అమ్మకు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కూడా వద్దనుకుంటే ‘జైన్’ అని చెప్తే చాలు, ఏ హోటల్‌లోనైనా అర్థమవుతుంది.

దాదర్‌లో ఆస్వాద్‌లో మరాఠీ టిఫిన్లు తినొచ్చు, మొలకల కూర మిసల్, కలగలుపు పిండి రొట్టె థాలీపీఠ్. వడపావ్ 1966లో దాదర్ స్టేషన్ బయట అశోక్ వైద్య అనే ఆయన మొదలుపెట్టాడని చెప్తారు. వడపావ్‌కు పేరు చూడక్కర్లేదు. వడలు ఎక్కడ కడాయిలోంచి తీసినవి తీసినట్టే అమ్ముడవుతున్నాయో అక్కడ తిను, గుట్టగా పోసి పెట్టినచోట తినకు. జొన్నరొట్టె లేకపోతే మీ అమ్మకు కడుపు నిండదు కదా, మరాఠీ హోటల్‌లో జ్వారీ భాకరీ అని అడుగు, శనగపిండి కూర పిఠ్లా, ఠేచా ఇస్తారు. ఠేచా పచ్చిమిరపకాయ తొక్కు, ఆ ఊర్లో మన నాలుకకు తగిన కారం అదొక్కటే.

సంక్రాంతికి గుజరాతీలు ఉంధియూ చేస్తారు, చలికాలం చిక్కుళ్లు, కందగడ్డ, వంకాయ, మెంతి ముద్దలు వేసిన కూర. కాల్బాదేవిలో ఠాకర్ భోజనాలయ్ 1945 నుంచి ఉంది, థాలీలో అడిగినంత వడ్డిస్తూనే ఉంటారు. పప్పులో బెల్లం ఉంటుంది, తీపి పదార్థాలు వద్దన్నా వేస్తారు, మీ అమ్మ ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టమను. ఆ పూటకు ముందు పూట తక్కువ తినండి.

రాత్రి వేళ చౌపాటీ బీచ్‌లో భేల్ తినండి, కానీ పిల్లలకు పానీపూరీ నీళ్లు, ఐస్ గోలా వద్దు. రెండు రోజుల ట్రిప్పులో ఒక రోజు కడుపునొప్పికి పోతుంది. పావ్‌భాజీకి తాడ్‌దేవ్‌లో సర్దార్ ఉంది, వెన్న చాలా వేస్తారు, తక్కువ వెయ్యమని ముందే చెప్పాలి. మటన్ కావాలంటే మహమ్మద్ అలీ రోడ్డు. మీరు పోయేది రంజాన్ నెల కాదు కాబట్టి రాత్రి బజారు అంత ఉండదు, అయినా నల్లీ నిహారీ, ఫిర్నీ మంచిగ దొరుకుతాయి. హైదరాబాద్ బిర్యానీ అన్న బోర్డు కనిపిస్తే మాత్రం లోపలికి పోవద్దు, మనకు ఇంటి దగ్గర దొరికేదానికి అక్కడ డబ్బులెందుకు?

బిల్లు వచ్చాక చదువు. మామూలు హోటల్‌లో జీఎస్టీ 5 శాతం, ఏసీ ఉన్నా అంతే. సర్వీస్ చార్జ్ అని విడిగా వేస్తే తీసెయ్యమను, మనల్ని అడగకుండా బిల్లులో కలపకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ రూల్ పెట్టింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. వినకపోతే ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్ ఉంది. బాగా వడ్డించిన పిల్లగాడికి మాత్రం చేతిలో ఎంతో కొంత పెట్టు, వాళ్లలో చాలామంది ఊర్లు వదిలి వచ్చినవాళ్లే.

ఒక రోజుకు ఒక పెద్ద భోజనమే పెట్టుకో, మిగతావి చిన్నవి. లిస్టు పూర్తి చెయ్యాలని పిల్లలను అటూ ఇటూ తిప్పి అలసిపోయేలా చెయ్యకు. రూము ఎక్కడ బుక్ చేశారో, ఏ రోజు ఏం చూస్తున్నారో రాసి పంపు, దాన్ని బట్టి పూట పూటకూ దగ్గర్లో ఏముందో ఫోన్లో చెప్తాను.

నీ పెద్దనాయన