మోటారు మొరాయిస్తేనే మంచిది

ప్రశ్న: మాస్టారూ, జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఎలక్ట్రిక్ మోటారు పాఠమంటే పిల్లలకు బొమ్మ గీసి, భాగాలు బట్టీపట్టడమే. టీవీలో వీడియో చూపించినా ఉత్సాహం లేదు. ల్యాబ్ సామానూ అంతంతమాత్రం. ఏం చేయమంటారు?
– ఒక టీచరు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, వీడియోలో మోటారు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఇక ఎందుకు తిరుగుతోందని ఎవరడుగుతారు? మీ పిల్లల చేతిలో అది కాస్త మొరాయించాలి.

బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపులో ఎనామెల్ రాగి తీగ ముక్కలు అడగండి. కాలిన మోటారులోంచి తీసినది వద్దు, దాని పూత అప్పటికే పాడై ఉంటుంది. ఒక పెద్ద టార్చిలైటు సెల్లు, దాని రెండు కొసలకూ చెరో పిన్నీసు, అవి జారకుండా సైకిల్ ట్యూబు ముక్క, సెల్లు మీద ఒక అయస్కాంతం. తీగను సెల్లు చుట్టూ పది చుట్లు చుట్టి, ఆ చుట్టను సెల్లు నుంచి జాగ్రత్తగా బయటికి లాగి, రెండు కొసలూ ఎదురెదురుగా బయటికి తీసి పిన్నీసుల కన్నాల్లో పెట్టాలి.

కొసల మీది పూత గీకమని గరుకు కాగితం ఇస్తే అందరూ రెండువైపులా శుభ్రంగా గీకేస్తారు. గీకనివ్వండి. చుట్ట అటూ ఇటూ ఊగుతుంది గానీ చాలాసార్లు పూర్తిగా తిరగదు. ఇక్కడ మీరు నోరు మెదపకూడదు. టీచర్లకు అదే కష్టం! ‘సెల్లు అయిపోయింది మేడమ్’ అంటారు, ‘అయస్కాంతం తిరగేద్దాం’ అంటారు. ఏమవుతుందనుకుంటున్నారో ముందు నోటుబుక్కులో రాయించి, ఆ తర్వాత చేయనివ్వండి.

అప్పుడు కొత్త చుట్ట ఇచ్చి ఒక కొస పూర్తిగా, రెండో కొస పైసగం మాత్రమే గీకమనండి. గీకేటప్పుడు చుట్టను నిలువుగా పట్టుకోవాలి. వేలితో చిన్నగా తోస్తే గిరగిరా తిరుగుతుంది. అర చుట్టు తిరిగాక బలం దాన్ని వెనక్కి తిప్పబోతుంది. సరిగ్గా అప్పుడే పూత ఉన్న వైపు పిన్నీసుకు తగిలి కరెంటు ఆగుతుంది, చుట్ట ఉన్న ఊపుతోనే మిగతా సగం దాటేస్తుంది. పుస్తకంలోని కమ్యుటేటర్, అంటే చుట్టకు కరెంటు అందించే చీలిక ఉంగరం, ఇదే చిక్కును కరెంటు దిశ మార్చి తీరుస్తుంది. ఈ మాట పిల్లల చేతే అనిపించండి.

తిరగని చుట్టను అలాగే వదిలేస్తే తీగ వేడెక్కి చేయి కాలుతుంది, సెల్లూ దిగిపోతుంది. ఇంట్లో ప్లగ్గులో పెట్టి చూద్దామనే ఘనులు ప్రతి క్లాసులోనూ ఉంటారు, వాళ్లకు ముందే గట్టిగా చెప్పండి. ఐదుగురికి ఒక సెట్టు చాలు. రెండు పీరియడ్లు పోతాయి, పోనివ్వండి. వీలైతే ఆ వైండింగ్ షాపాయన్నే ఒక పూట క్లాసుకు పిలవండి. ఇరుక్కుని ఆగిపోయిన మోటారు ఎందుకు కాలుతుందో ఆయన్ని అడగడానికి ఇప్పుడు మీ పిల్లల దగ్గర ప్రశ్నలుంటాయి.