మా ఇంట్లో చదవడం మానేసింది పిల్లలు కాదు, మా నాన్న

సోషల్ మీడియా వల్ల పిల్లలు పుస్తకాలు చదవడం తగ్గించారా అని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. పిల్లల సంగతి తర్వాత. మా ఇంట్లో చదవడం మానేసింది మా నాన్న. రిటైరైన తెలుగు మాస్టారు. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, బైండు చేయించి దాచుకున్న మనిషి. 2016లో జియో సిమ్ వచ్చింది, అంతే. పొద్దున్నే వాట్సాప్‌లో శుభోదయాలు, ఆ తర్వాత రోజంతా యూట్యూబ్‌లో రాజకీయ విశ్లేషణలు. పుస్తకం ఇస్తే "కళ్ళు లాగుతున్నాయిరా" అంటారు. రాత్రి పదకొండు దాకా రీల్స్ చూస్తే మాత్రం లాగవు!

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగినప్పుడు సింగ్ నగర్‌లో రెండో అంతస్తులో ఇరుక్కుపోయాం. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, పవర్ బ్యాంకు కూడా అయిపోయింది. పాల ప్యాకెట్లతో పడవ వస్తుందేమోనని నేను బాల్కనీలో టెన్షన్‌గా నిలబడితే, నాన్న అటక మీది ట్రంకుపెట్టె దింపించుకుని, ఒక బైండు పుస్తకం పట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. వెలుతురు ఉన్నంతసేపూ కదల్లేదు. మధ్యలో ఒక్క కేక: "ఒక వారం పేజీలు లేవేంటి?"

"వెనక ఆవకాయ కొలతలుంటే నేనే కత్తిరించా" అంది అమ్మ వంటింట్లోంచి. కత్తిరించడమే కాదు, ఆ వారం కథంతా గుర్తుంది తనకి. ముప్పై ఏళ్ళ కిందటి సీరియల్! చీకట్లో కూర్చుని చెబుతుంటే నాన్న "ఊఁ" కొడుతూ విన్నారు.

కరెంటు రాగానే మొదట చార్జింగ్‌కి పెట్టింది ఫోనే. పుస్తకం సగంలో ఆగిపోయింది. అందుకే "చదవడానికి టైం లేదు" అనే మాట నేను నమ్మను. పుస్తకాలు నడిచిందే ఏం తోచని గంటల మీద. ఫోన్ తినేసింది సరిగ్గా ఆ గంటల్నే. పుస్తకాల పండక్కి వెళ్ళి, సంచీ నిండా కొని, ఫొటో పెట్టి, లైకులు లెక్కపెట్టుకునే వాళ్ళ గురించి ఇక చెప్పక్కర్లేదు.

పోనీ లైబ్రరీకి తీసుకెళ్దామంటే, ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నా, మా పేట లైబ్రరీలో దినపత్రికలు తప్ప కొత్త పుస్తకం కనపడదు. అక్కడికొచ్చే పెద్దాయనలూ పేపరు ఒళ్ళో పెట్టుకుని ఫోనే చూస్తుంటారు.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో వైఫై ఆపేస్తున్నాను. పిల్లలు నసుగుతూనే ఏదో ఒక పుస్తకం తీస్తున్నారు. నాన్న మాత్రం మొబైల్ డేటా రీచార్జి చేయించుకున్నారు, అదీ నా డబ్బుల్తోనే.