తలంబ్రాల షాట్ దగ్గర వీడియో ఆగి ఆగి వస్తోంది

ప్రశ్న: నేను పెళ్లిళ్లకు వీడియోలు తీసి, ఎడిటింగ్ కూడా ఇంట్లోనే చేసుకుంటాను. 4కె కెమెరా కొని హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో తీయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో బొమ్మ ఆగి ఆగి వస్తోంది. తిరుచానూరులో తీసిన పెళ్లిలో తలంబ్రాల ఘట్టమైతే మేళం ముందు పోతూ, బొమ్మ వెనక పడుతోంది. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. 32 జీబీ వేయిస్తే సరిపోతుందని షాపులో అంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: ఇప్పుడే డబ్బు ఖర్చు పెట్టకండి. ముందుగా మెమొరీ, ప్రాసెసర్ ఎంత వాడుతున్నాయో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచి ఆ తలంబ్రాల షాట్‌నే ప్లే చేసి చూడండి. మెమొరీ, అంటే ర్యామ్, నిండిపోతుంటే షాపువారి మాట నిజమే. మెమొరీ ఖాళీగా ఉండగానే ప్రాసెసర్ నూటికి నూరు శాతానికి చేరుతుంటే మాత్రం, మీరు చెప్పిన లక్షణాలను బట్టి అదే జరుగుతుందని నా అనుమానం, ఇబ్బంది ఆ ఫైళ్ల తీరులోనే ఉంది.

హెచ్.265 ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. పద్దు పుస్తకంలో మొదటి రోజు నిల్వ రాసి, ఆపైన హెచ్చుతగ్గులు మాత్రమే రాసుకున్నట్టు, అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేమును ఉంచి, మధ్యలో మారిన భాగాలనే నమోదు చేస్తుంది. అందువల్ల మీరు టైమ్‌లైన్‌లో ఎక్కడ నొక్కినా, కంప్యూటర్ వెనక్కి వెళ్లి, లెక్క మొదటి నుంచి కట్టుకు రావాలి. బియ్యపు గింజలు ఎగిరే షాట్‌లో దాదాపు అంతా మారుతూనే ఉంటుంది కనుక అక్కడ మరీ తడబడుతుంది. చాలామంది ప్లేబ్యాక్ రిజల్యూషన్‌ను సగానికి తగ్గించి సరిపెట్టుకుంటారు గానీ, దానివల్ల ఎఫెక్టుల భారం తగ్గుతుందే తప్ప ఈ లెక్క కట్టే పని పెద్దగా తగ్గదు.

దీనికి సరైన మార్గం ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం మాత్రమే చేసుకునే తేలికపాటి నకళ్లు. ప్రాజెక్ట్ పానెల్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, ప్రాక్సీ కింద ఉన్న క్రియేట్ ప్రాక్సీస్ నొక్కి, ప్రోరెస్ ప్రాక్సీ రకాన్ని తీసుకోండి. ఇందులో ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది కాబట్టి వెనక్కి తిప్పినా ఆగదు. 1080 సైజులో, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున, గంట వీడియోకు సుమారు 17 జీబీ పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తయారుగా ఉంటాయి. వాటిని ఎస్ఎస్‌డీలోనే ఉంచండి. పాత యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లో పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

చివరి వీడియో నాణ్యత తగ్గుతుందేమోనని భయపడనక్కర్లేదు. ఎక్స్‌పోర్ట్‌లో యూజ్ ప్రాక్సీస్ అనే గడిలో టిక్కు పెట్టనంతవరకు ప్రీమియర్ అసలు ఫైళ్లనే వాడుతుంది. రంగులు సరిచేసేటప్పుడు మాత్రం టాగుల్ ప్రాక్సీస్ బటన్ ఆపి అసలు బొమ్మను చూసుకోవాలి.

ఇంకొక మాట: మన తిరుపతి మే నెల ఎండల్లో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టుకుని పని చేస్తే, వేడికి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. బల్ల మీద పెట్టి, చార్జర్ తగిలించి ఉంచండి.